చీరల అరలో గుడ్డు

ప్రశ్న: మాది విజయనగరం. మా అబ్బాయి ఇంటర్ చదివేటప్పుడు ఒక కాకటీల్ పిట్టని తెచ్చుకున్నాడు. తెల్లగా ఉంటుంది. తల మీద పసుపు కుచ్చు, బుగ్గల మీద నారింజ చుక్కలు. షాపువాడు మగది అన్నాడని బుజ్జిబాబు అని పేరు పెట్టాం. అబ్బాయి ఉద్యోగానికి బెంగళూరు వెళ్ళాక రెండేళ్ళుగా దాన్ని నేనే చూస్తున్నాను. పగలంతా నా భుజం మీదే ఉంటుంది. రాత్రి సీరియళ్ళు అయ్యేదాకా నా ఒళ్ళోనే. నెల రోజులుగా బీరువాలో చీరల అరలో దూరి బయటికి రానంటోంది. మొన్న మంగళవారం చూస్తే అక్కడ గుడ్డు! గురువారం ఇంకొకటి. జత లేని పిట్ట గుడ్డు పెడితే ఇంటికి మంచిది కాదని మా అత్తగారు అంటున్నారు. పక్కింటావిడ మగపిట్టని కొనమంటోంది. మా అబ్బాయి ఫోన్లో "తీసి పారేయ్ అమ్మా" అంటున్నాడు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది. ఇది జబ్బా? గుడ్లు తీసేయాలా, ఉంచాలా? నా పెంపకంలో ఏమైనా తప్పు జరిగిందా?
ఒక గృహిణి, విజయనగరం

సమాధానం:

అమ్మా, ముందు ఆ గుడ్లు పారేయకండి. అబ్బాయి మాట విని ఈపాటికే పారేసి ఉంటే కంగారు పడకండి, దానికీ దారి ఉంది. ఇంకా అక్కడే ఉంటే మాత్రం ఉండనివ్వండి. ఎందుకో చెప్తాను.

మీ అత్తగారి మాటతోనే మొదలుపెడతాను. ఆవిడని తప్పు పట్టడానికి కాదు. ఈ విషయం మీ ఇంట్లో అందరికంటే ఆవిడకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు. పుట్టింట్లోనో అత్తింట్లోనో నాటుకోళ్ళు చూసిన మనిషే అయి ఉంటారు. పుంజు లేని ఇంట్లో పెట్ట గుడ్డు పెట్టదా అని ఒకసారి నెమ్మదిగా అడగండి. పెడుతుంది. కిరాణా కొట్టులో ట్రేలకి ట్రేలు అమ్మే గుడ్లన్నీ పుంజు మొహం చూడని పెట్టలు పెట్టినవే. లేయర్ ఫారాల్లో అసలు పుంజుల్ని ఉంచరు. ఆడపిట్ట కడుపులో గుడ్డు తయారవడానికి మగతోడు అక్కర్లేదు, ఆ గుడ్డులోంచి పిల్ల రావడానికే కావాలి. మీ బుజ్జిబాబు చేసింది కూడా అంతే. అది అరిష్టమైతే రోజూ ఆమ్లెట్ వేసుకునే ఇళ్ళన్నీ ఏమైపోవాలి?

అలాగే ఇది జబ్బూ కాదు. కానీ జబ్బుకి దారి తీయగలదు. ఆ సంగతి కిందికి వచ్చాక చెప్తాను, అది మాత్రం రెండుసార్లు చదవండి.

షాపువాడు మోసం చేశాడని కూడా అనుకోకండి. బూడిదరంగు కాకటీల్స్‌లో మగదాని మొహం పెద్దయ్యాక పసుపు పచ్చగా తేలుతుంది కాబట్టి చెప్పడం తేలిక. మీరు రాసిన రంగుది లూటినో అనే రకం. చిన్నప్పుడు వాటిలో ఆడా మగా తేడా తెలియడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. తోక కింది ఈకల్ని వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే ఆడదానికి లేత పసుపు చారలు కనపడతాయి. ఇప్పుడు మీకు ఆ పరీక్షతో పనిలేదనుకోండి.

ఇక అసలు ప్రశ్న. ఇన్నేళ్ళు ఊరుకున్న పిట్ట ఇప్పుడు గుడ్డెందుకు పెట్టింది?

కాకటీల్ పుట్టిల్లు ఆస్ట్రేలియా. అక్కడి ఎండు మైదానాల్లో వానలు పడి గడ్డి గింజ కట్టినప్పుడు తిండికి లోటుండదు. అప్పుడే అవి చెట్టు తొర్ర వెతుక్కుని గుడ్లు పెడతాయి. పిట్ట ఒంట్లో కేలండర్ ఉండదు. పగలు ఎంతసేపు ఉంది, తిండి ఎంత దొరుకుతోంది, చీకటి తొర్ర ఉందా, పక్కన జత ఉందా అన్న నాలుగూ చూసుకుని ఒళ్ళే లెక్క వేసుకుంటుంది. ఇప్పుడు మీ ఇల్లు చూడండి. విజయనగరంలో నడివేసవిలో కూడా పగలు 13 గంటలే, చలికాలంలో 11. మీ పిట్టకి తెల్లారి 6 నుంచి సీరియళ్ళు అయ్యేదాకా ట్యూబ్‌లైటు వెలుగే, అంటే పదహారు, పదిహేడు గంటల పగలు. గిన్నెలో గింజలు ఎప్పుడూ నిండుగా ఉంటాయి. మీరు రాయలేదు గానీ, మీరు తినే అన్నంలో పప్పు కలిపి ఓ ముద్ద దానికీ పెడుతుంటారని నా అనుమానం. మెత్తటి వెచ్చటి తిండి అంటే పిట్టకి జతగాడు నోటికందించే తిండి లాంటిది. చీరల అర అచ్చం చెట్టు తొర్ర. మిగిలింది జత. ఆ జత మీరే.

నవ్వకండి, ఇది నిజం. రోజంతా భుజం మీద కూర్చోబెట్టుకుని, వీపు మీద, రెక్కల కింద, తోక దగ్గర నిమురుతుంటే పిట్టకి అది ముద్దు కాదు, జతకట్టే పిలుపు. తల మీద, మెడ దగ్గర గోకడం ఒకటే వాటి మధ్య మామూలు స్నేహం. అబ్బాయి వెళ్ళిపోయాక ఇంట్లో మీకు అది తోడయింది, దానికి మీరు తోడయ్యారు. పెంపకంలో తప్పు జరిగిందా అని అడిగారు. తక్కువ చేయడం వల్ల వచ్చింది కాదమ్మా, ఎక్కువ చేయడం వల్ల వచ్చింది.

వెలుతురు సంగతి నాకు ఎలా పట్టుబడిందో చెప్తాను. పలాస వైపు మా చెల్లెలి ఇంట్లో ఒక కాకటీల్ నెలకో కాపు చొప్పున గుడ్లు పెట్టేది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చింది. ఆ వైపు రోజుల తరబడి కరెంటు లేదు. పొద్దు గూకితే ఇల్లంతా చీకటి, మనుషులూ పిట్టా కలిసి ఏడున్నరకే పడక. తర్వాత చాలా నెలలు అది గుడ్డు పెట్టలేదు. దీన్ని రుజువు అనను, తుఫాను హోరుకి బెదిరి కూడా మానేసి ఉండొచ్చు. కానీ కరెంటు వచ్చాక కూడా మా చెల్లెలు సాయంత్రమే పంజరం మీద గుడ్డ కప్పే అలవాటు మానలేదు, పిట్ట మళ్ళీ నెలనెలా గుడ్లు పెట్టే అలవాటుకి రాలేదు.

ఇక గుడ్లు ఎందుకు తీయకూడదో చెప్తాను. ఇది నేను చేతులు కాల్చుకుని నేర్చుకున్న పాఠం. శ్రీకాకుళంలో మా వరండాలో చాలా ఏళ్ళ కిందట ఒక పచ్చ బడ్జీ ఉండేది. మన దగ్గర అందరూ లవ్ బర్డ్స్ అని కొనేవి నిజానికి ఈ బడ్జీలే. జతలోది పోయి ఒక్కటే మిగిలింది. ఒకరోజు పంజరం అడుగున గుడ్డు కనపడింది. పిల్ల రాని గుడ్డు ఎందుకని తీసి మొక్కల్లో పడేశాను. రోజు విడిచి రోజు ఇంకోటి. అదీ తీశాను. అలా పదకొండు తీశాను! ఎంత తెలివితక్కువ పనో తర్వాత అర్థమైంది. గుడ్డు పోయిందంటే పాము తినేసిందనో కాకి ఎత్తుకుపోయిందనో పిట్ట లెక్క, దాని స్థానంలో ఇంకోటి పెట్టాలనుకుంటుంది. మా అమ్మమ్మ గంపలోంచి కోడిగుడ్లు తీసేటప్పుడు ఒకటి మాత్రం వదిలేసేది. అన్నీ తీసేస్తే పెట్ట వేరే చోటు వెతుక్కుంటుంది, ఒకటి ఉంటే అక్కడే పెడుతూ పోతుంది, పది పన్నెండు పోగైతే ఆపి పొదుగుకి కూర్చుంటుంది. ఈ మాట నేను చిన్నప్పుడు వందసార్లు విని కూడా నా బడ్జీ దగ్గర గుర్తు తెచ్చుకోలేదు.

పన్నెండో గుడ్డు బయటికి రాలేదు. పొద్దున చూస్తే పంజరం అడుగున ఒళ్ళు ఉబ్బించుకుని కూర్చుంది. పిట్టల సంగతి తెలుసని పేరున్న ఒక పెద్దమనిషి ఆముదం రాయమన్నారు, రాశాం. సాయంత్రానికి పోయింది. ఆముదం వల్ల పోలేదు, ఆముదం రాస్తూ కూర్చున్న ఆ పూట వల్ల పోయింది.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. గుడ్లు చీరల అరలోనే ఉండిపోతే పిట్ట మీ బీరువాకే కాపలా కాస్తుంది. మీరు చీర తీయబోతే చేతిని పొడుస్తుంది కూడా. ఒక లోతు లేని పళ్ళెంలోనో ప్లాస్టిక్ మూతలోనో పాత నూలు గుడ్డ పరిచి, రెండు గుడ్లూ అందులో పెట్టి, పంజరం అడుగున ఒక మూల ఉంచండి. పిట్టని అక్కడికి చేర్చి బీరువా తలుపు మూసేయండి. అది చూస్తుండగా గుడ్లు తీస్తే గోల చేస్తుంది, అది తింటున్నప్పుడు తీయండి. చెక్కపెట్టె, కుండ లాంటి గూడు మాత్రం పెట్టకండి, అది ఇంకో కాపుకి రమ్మని పిలిచినట్టు. పళ్ళెంలోని గుడ్ల మీద కూర్చుంటే మంచిదే. కూర్చోకపోయినా బలవంతం లేదు, గుడ్లు కనపడుతూ ఉంటే చాలు.

మామూలుగా కాకటీల్ రోజు విడిచి రోజు ఒకటి చొప్పున నాలుగు నుంచి ఏడు దాకా పెడుతుంది. తర్వాత పొదుగుకి కూర్చుంటుంది. కోడికి ఇరవై ఒక్క రోజులని మీ అత్తగారిని అడిగితే తడుముకోకుండా చెప్తారు. కాకటీల్‌కీ దగ్గర దగ్గరగా అంతే, 18 నుంచి 21 రోజులు. ఆ రోజులు గడిచి పిల్ల రాకపోతే దానికే విసుగొస్తుంది. గుడ్లని వదిలేసి, తిరిగి పైకెక్కి కూర్చుని, మునుపటిలా అరవడం మొదలుపెడుతుంది. అప్పుడు తీసేయండి. మధ్యలో పగిలిన గుడ్డుంటే అదొక్కటి తీసేయొచ్చు. ఇప్పటికే పారేసి ఉంటే, ఆ సైజులో తెల్లటి ప్లాస్టిక్ డమ్మీ గుడ్లు పక్షుల షాపుల్లో దొరుకుతాయి, పోయినన్ని పెట్టండి.

పిల్లని చంపేస్తున్నానేమో అన్న బాధ వద్దు. మగపిట్ట ముఖమే చూడలేదు కాబట్టి ఆ గుడ్డులో పిల్ల లేదు. నమ్మకం కుదరకపోతే వారం రోజుల తర్వాత చీకట్లో సెల్‌ఫోన్ టార్చి గుడ్డుకి ఆనించి చూడండి. పిల్ల ఉంటే ఎర్రటి నరాలు కనపడాలి. మీకు లోపల తేటగా పసుపు వెలుగే కనపడుతుంది.

పొదుగు మీద ఉన్న పెట్టని మాన్పించడానికి పల్లెల్లో నీళ్ళలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం చూసి ఉంటారు. ఎవరైనా అలాంటి సలహా ఇస్తే వినకండి. ఇది తొంభై గ్రాముల ప్రాణి. పొదుగు రోజుల్లో రెట్ట పెద్ద ముద్దలా, ఘాటు వాసనతో వస్తుంది. గుడ్ల మీంచి లేవకుండా చాలాసేపు బిగబట్టుకుని ఒకేసారి వేయడం వల్ల అది. విరేచనాలనుకుని మందులు వేయకండి.

ఇప్పుడు తిండి సంగతి. దీని మీద అశ్రద్ధ పనికిరాదు. కాకటీల్ గుడ్డు దాని బరువులో దాదాపు ఇరవయ్యో వంతు ఉంటుంది. 60 కిలోల మనిషి రోజు విడిచి రోజు 3 కిలోల బిడ్డని కన్నట్టు ఊహించుకోండి. ఆ పెంకు దాదాపు మొత్తం కాల్షియంతో కట్టిందే. తిండిలో దొరక్కపోతే తన ఎముకల్లోంచే తీసి పెంకు కడుతుంది. కొర్రలు, పొద్దుతిరుగుడు గింజలు మాత్రమే తినే పిట్టకి కాల్షియం ఎక్కడిది? అసలే తక్కువ. అందుకని ఇవాళే ఒక సముద్రపు నురగ ముక్క పంజరానికి కట్టండి. షాపుల్లో కటిల్ బోన్ అంటారు. పేరు నురగే గానీ అది కటిల్ చేప వీపు లోపలి తెల్లటి బిళ్ళ. చింతపల్లి, కళింగపట్నం తీరాల్లో నడిస్తే ఇసకలో దొరుకుతుంది. ఏరి తెచ్చిందైతే రెండు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ ఉప్పు పోనిచ్చి, ఉడికించి, బాగా ఎండబెట్టి ఇవ్వండి. అంతవరకూ మీ వంటింట్లో మందు ఉండనే ఉంది: కోడిగుడ్డు పెంకుల్ని పది నిమిషాలు మరిగించి, ఎండబెట్టి, మెత్తగా దంచి తిండి మీద చిటికెడు చల్లండి. పెరట్లో మునగచెట్టుంటే ఓ రెమ్మ కడిగి పంజరంలో వేలాడదీయండి, ఇష్టంగా తింటుంది, కాల్షియమూ ఉంటుంది. పాలకూర మంచిదని పెట్టేస్తారు, కానీ అందులోని పదార్థం కాల్షియంని ఒంటికి పట్టనివ్వదు, ఈ రోజుల్లో వద్దు.

కాల్షియం తిన్నా ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, అది ఎండలోంచి వస్తుంది. అద్దం కిటికీ దగ్గర పెడితే లాభం లేదు, పనికొచ్చే కిరణాల్ని అద్దం ఆపేస్తుంది. పొద్దున ఎండ ముదరకముందే వరండాలో ఎండ పడేచోట ఇరవై నిమిషాలు పెట్టండి. పంజరంలో సగం నీడ ఉండాలి, పిల్లులూ కాకులూ రాకుండా మీరు పక్కనే ఉండాలి.

ఇప్పుడు నేను రెండుసార్లు చదవమన్న ముక్క. గుడ్డు లోపలే ఇరుక్కుపోతే పిట్ట పైన కూర్చోలేక పంజరం అడుగుకి దిగిపోతుంది. ఈకలు ఉబ్బించుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి ముక్కుతూ ఉంటుంది. ఊపిరితో పాటు తోక కూడా పైకీ కిందికీ ఊగుతుంది. రెట్ట ఆగిపోతుంది. కాళ్ళు చచ్చుబడినట్టు కనపడొచ్చు, గుడ్డు నరాల్ని నొక్కడం వల్ల అలా అవుతుంది. గుడ్ల మీద హుషారుగా కూర్చుని మీ మీద బుసకొట్టే పిట్టకీ దీనికీ తేడా చూడగానే తెలుస్తుంది. ఈ లక్షణాలు కనపడితే రేపటిదాకా చూద్దామనుకోవద్దు. నొక్కకండి, గుడ్డుని లాగకండి, లోపల పగలగొట్టకండి, ఆముదం జోలికి అసలు పోకండి. చిన్న అట్టపెట్టెలో తువ్వాలు పరిచి, గోరువెచ్చటి నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పక్కన పెట్టి, లోపల 30 డిగ్రీల వేడి ఉండేలా చూసి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. వాళ్ళు కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు, అవసరమైతే సూదితో గుడ్డులోని ద్రవం తీసి చిన్నది చేసి బయటికి తెస్తారు.

మన పశువుల ఆసుపత్రుల్లో ఎక్కువగా ఆవులూ గేదెలూ మేకలూ వస్తాయి, పిట్టలు అరుదు. అందుకని అవసరం పడకముందే ఈ వారంలోనే ఫోన్లు చేసి పెంపుడు పక్షుల్ని ఎవరు చూస్తారో కనుక్కోండి. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ విచారించండి. విశాఖపట్నం సుమారు అరవై కిలోమీటర్లే. అర్ధరాత్రి పిట్టని ఒళ్ళో పెట్టుకుని నంబర్లు వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

మగపిట్టని కొనమన్న పక్కింటావిడ మాట ఈసారికి పక్కన పెట్టండి. మగది వస్తే గుడ్లు ఆగవు, వాటిలోంచి పిల్లలు వస్తాయి, అంతే తేడా. ఆరు పిల్లల్ని ఎవరికిస్తారు? పైగా మీ మీద మనసు పెట్టుకున్న పిట్ట కొత్తదాన్ని దగ్గరికి రానిస్తుందన్న హామీ లేదు, పొడుచుకున్న జతల్ని నేను చూశాను. ఎవరైనా తోడుగా రామచిలుకని ఇస్తామంటే అసలు ఒప్పుకోకండి. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశవాళీ చిలుకల్ని పంజరంలో పెట్టడం నేరం.

ఇక మార్చుకోవలసినవి. సాయంత్రం ఏడింటికల్లా పంజరాన్ని టీవీ లేని గదిలోకి మార్చి, పల్చటి ముదురు రంగు నూలు గుడ్డ మూడు వైపులా కప్పి, పొద్దున ఏడు దాకా నిద్రపోనివ్వండి. ఉక్కపోత రోజుల్లో నాలుగో వైపు మూయకండి. కాకటీల్స్‌కి చీకట్లో ఉలిక్కిపడి పంజరంలో కొట్టుకునే గుణం ఉంది. మీదీ అలా చేస్తే బయట వసారాలో ఒక జీరో బల్బు ఉంచండి, సరిపోతుంది. తిండి మాత్రం ఇప్పుడే తగ్గించకండి, గుడ్లు పెట్టే రోజుల్లో కడుపు మాడిస్తే అసలుకే మోసం. గుడ్లు వదిలేశాక పొద్దుతిరుగుడు గింజలు తగ్గించి, వెచ్చటి మెత్తటి ముద్దలు మానేసి, గింజల్ని కాగితం పొట్లాల్లో చుట్టి వెతుక్కుని తినేలా పెట్టండి. పంజరంలో అద్దం ఉంటే తీసేయండి. పంజరం చోటు కూడా ఓసారి మార్చండి, కొత్త చోట వెంటనే గూడు కట్టే ధైర్యం రాదు. భుజం మీద ఎక్కనివ్వండి, తల నిమరండి, వీపు నిమరడం ఆపండి. మీకే కష్టంగా ఉంటుంది, నాకు తెలుసు. చేతులు ఊరుకోవు.

ఏడాదికి ఒకటి రెండు కాపులైతే భయపడక్కర్లేదు. ఇవన్నీ చేసినా కాపు మీద కాపు పెడుతూనే ఉంటే డాక్టరుకి చెప్పండి, ఆపడానికి హార్మోన్ ఇంజెక్షన్లు ఉన్నాయి.

పేరు మార్చనక్కర్లేదు. ఇన్నేళ్ళు బుజ్జిబాబు అంటే పలికింది, ఇప్పుడు బుజ్జమ్మ అంటే ఎవరినో అనుకుంటుంది. మీ అబ్బాయికి ఈ ఉత్తరం చదివి వినిపించండి, మంచి డిజిటల్ వంటింటి కాటా ఒకటి పంపమనండి. వారానికి రెండుసార్లు పిట్టని దాని మీద నిలబెట్టి బరువు చూడండి. 80 నుంచి 100 గ్రాముల మధ్య ఉండాలి. ఉన్నట్టుండి పది గ్రాములు తగ్గితే ఏదో తేడా ఉన్నట్టే. పాల లెక్క రాసుకునే కేలండర్ మీదే ప్రతి గుడ్డు తేదీ కూడా రాయండి. లెక్క ప్రకారం శనివారం ఇంకోటి వచ్చి ఉండాలి. ఆఖరి గుడ్డు పెట్టిన రోజు నుంచి ఇరవై ఒకటి లెక్కపెట్టి సున్నా చుట్టి పెట్టుకోండి, ఆ తేదీ దాటాక గుడ్లు తీసే పని మీ అత్తగారికే అప్పజెప్పండి.